మగ్గం గుంజకు ఆనుకున్న పిల్ల

బుద్ధి ఎదగని పిల్లలకు చెవులు చూస్తామని ధర్మవరం బడిలో డాక్టర్లు దిగారు. దివాకర్ డాక్టరు బయమ్మ వెనక నిలబడి గిలక్కాయ ఆడించాడు, గంట కొట్టాడు. ఇరవై ఏళ్ల ఆ పిల్ల గోడ మీది బల్లిని చూస్తూ కూర్చుందే గానీ తల తిప్పలేదు.

"ఈ అమ్మాయికి చెవులు వినపడవు," అన్నాడు డాక్టరు.

తండ్రి సోమప్పకు ఒళ్లు మండిపోయింది. బుద్ధి తక్కువంటే ఒప్పుకున్నాడు, అది ఊరంతా అనేదే. దానికి తోడు చెవుడు కూడానా!

"ఏం మాట్లాడతాండావు సారూ? ఇంట్లో పిలిస్తే టక్కున తిరుగుతాది. బజార్లోనే పలకదు. టక్కరిది! అందుకే నా చేత దెబ్బలు తింటాండాది. రా, చూపిస్తా!"

డాక్టరును ఇంటికి లాక్కొచ్చి, మగ్గం గుంటలో దిగి కూర్చున్నాడు. బయమ్మ ఎప్పటిలాగే మగ్గం గుంజకు వీపు ఆనించి, అటు తిరిగి కూర్చుంది. సోమప్ప మగ్గం పలకను దడదడా కొట్టి, "బయమ్మా!" అని కేకేశాడు. ఆ వీధిలో నేతగాళ్లందరూ అలాగే పిలుస్తారు. అన్ని మగ్గాల మోతలో ఒట్టి గొంతు ఎవరికి వినబడుతుంది?

బయమ్మ నవ్వుతూ వెనక్కి తిరిగింది.

"చూసినావా సారూ?"

"పలక ముట్టుకోకుండా పిలువు."

సోమప్ప మళ్లీ పిలిచాడు. గొంతు చించుకున్నాడు. పక్కిళ్లలో మగ్గాలు ఆగిపోయాయి. బయమ్మ మాత్రం చీర కొంగు పోగులు లాక్కుంటూ కూర్చుంది.

డాక్టరు నోరు మెదపకుండా వంగి పలకను ఒక్కటి కొట్టాడు. గుంజ అదిరింది. బయమ్మ నవ్వుతూ తిరిగింది.

సోమప్పకు అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లూ తన గొంతు కూతురికి అందనే లేదు, వీపుకు తగిలిన అదురే అందింది. సంతలో పలకలేదని ఎదురుగా వచ్చి, తిడుతూ చెంపలు వాయించాడు. పెళ్లిళ్లలో అందరి ముందూ కొట్టాడు. ఆడ ఆనుకోవడానికి ఏ గుంజ ఉంది దానికి?

వైద్యముందనీ, చెవికి మిషను పెట్టొచ్చనీ డాక్టరు చెబుతున్నాడు. సోమప్ప తలకు ఒక్క ముక్కా ఎక్కలేదు.

గుంటలోంచి పైకొచ్చి కూతురి ఎదుట చతికిలబడ్డాడు. "బయమ్మా," అన్నాడు మెల్లగా.

కదిలే ఆ పెదవుల్ని చూసింది బయమ్మ. నవ్వు ఆగిపోయింది. గబుక్కున రెండు చేతులతో చెంపలు కప్పుకుంది.