త్రాసును తాకిన బంగారం

కర్వీలియస్ గురించి మా ఊరు బెనెవెంటమ్‌లో ఎవరూ చెడ్డగా మాట్లాడరు. నేను మాట్లాడతాను. సంతలో మాట్లాడాను, స్నానశాలలో మాట్లాడాను, వాడి గుమ్మం ముందు నిలబడి మరీ మాట్లాడాను. నా నేల మింగినవాడు వాడే. చాటుమాటుగా కాదు, పదిమంది ముందు నా భుజం మీద చెయ్యి వేసి, నవ్వుతూ మింగాడు.

డేసియా రాజ్యం మీద యుద్ధం ముగిశాక సైన్యం నన్ను ఇంటికి పంపింది. వయసంతా ధారపోసినందుకు నూట ఇరవై బంగారు నాణేలు చేతిలో పెట్టారు. ఆ గెలుపు పేరున కొత్తగా కొట్టినవి. ఒక పక్క చక్రవర్తి తల. రెండో పక్క ఆయుధాల కుప్ప మీద కూలబడ్డ డేసియావాడు, చేతులు వెనక్కి కట్టేసి, పక్కనే వంకర కత్తి. అలాంటి కత్తే నా కుడి భుజాన్ని చీల్చింది. అప్పటినుంచి అన్ని పనులూ ఎడమ చేత్తోనే. ఎడంచేతివాడని ‘స్కేవా’ అని పిలుస్తారు.

కర్వీలియస్ నగరసభలో పెద్దమనిషి. ఏటి అవతల వాడికి పన్నెండు కాడి రాళ్ళ నేల ఉండేది. కాడి అంటే జత ఎద్దులు ఒక రోజులో దున్నేంత. నూట ఇరవై నాణేలకు బేరం కుదిరింది.

మా దగ్గర నేల చేతులు మారాలంటే అయిదుగురు పౌరులు సాక్షులుగా నిలబడాలి. ఇంకొకడు త్రాసు పట్టుకోవాలి. కొనేవాడు కంచు ముక్కతో త్రాసును కొట్టి, ఆ ముక్కను అమ్మేవాడికి ఇవ్వాలి. ధర ఎంతైనా కానీ, కొట్టడం మాత్రం కంచుతోనే. నేను కంచు ముక్క తెచ్చుకునే వచ్చాను.

కర్వీలియస్ దాన్ని చూసి పకపకా నవ్వాడు.

“ఇదేంటోయ్ స్కేవా, డేసియాను పడగొట్టినవాడివి, సారా అంగడి చిల్లర పట్టుకొచ్చావా? ఆ బంగారంతో కొట్టవోయ్, మేమూ చూస్తాం!”

“కొట్టు, కొట్టు!” అన్నారు సాక్షులు. “భుజం తెగ్గొట్టించుకుంది కంచు కోసమా!”

త్రాసు పట్టుకున్న లుక్కేయస్ నసిగాడు. “అయ్యా, కంచుతో కదా ఆచారం...”

“నువ్వు త్రాసు పట్టుకోడానికొచ్చావా, పాఠం చెప్పడానికొచ్చావా?” అన్నాడు కర్వీలియస్.

నా ఛాతీ ఉబ్బింది. చట్టాలు నేర్పేదాకా నేను బడిలో కూర్చోలేదు. కుప్పలోంచి ఒక నాణెం తీసి త్రాసును కొట్టాను. “ఈ నేల నాది. ఈ కంచుతో, ఈ త్రాసుతో కొన్నాను” అని అందరూ చెప్పే మాటే గట్టిగా చెప్పాను. చప్పట్లు కొట్టారు. కర్వీలియస్ నాణేన్ని పైకెత్తి, “చూడండర్రా, విజయం నా చేతిలో పడింది!” అన్నాడు.

నేనూ మా ఆవిడ వీబియా చలికాలమంతా రాళ్ళు ఏరి ద్రాక్ష నాటాం. తీగలు చిగురు వేసే రోజుల్లో కొలతకర్రలతో మనుషులు దిగారు. బ్రుండీసియమ్ రేవుకు వెళ్ళే కొత్త రాజమార్గం మా గట్టు పక్కనుంచే పోతుందట. నగరసభ పెద్దకు ఆ కబురు ముందే తెలియదా? ఆ వారంలోనే కర్వీలియస్ సంచీతో వచ్చాడు.

“నీ బంగారం తెచ్చాను, లెక్కపెట్టుకో. నా నేల ఖాళీ చెయ్యి.”

“నీ నేలేంటి? అమ్మేశావుగా!”

“ఎప్పుడమ్మాను? కంచు తగల్లేదు, అమ్మకం జరగలేదు.”

“బంగారంతో కొట్టమంది నువ్వే కదరా!”

“సరదాకన్నాను. నువ్వేమన్నా పసిపిల్లాడివా?”

“నీ సరదా మండిపోను!” అంది వీబియా, పారతో సహా ముందుకొచ్చి. “ఆ రాళ్ళు ఏరేటప్పుడు రాలేదేం సరదాకి?”

వాడు సంచీ గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయాడు.

రెండేళ్ళు ఆ నేల దున్నుకుని ఉంటే, మా చట్టం ప్రకారం, త్రాసుతో పని లేకుండానే నాదయ్యేది. అంతవరకు వాడు ఆగుతాడా? న్యాయాధిపతి ముందుకు ఈడ్చాడు. సాక్షులందరూ నిజమే చెప్పారు. లుక్కేయస్ నేల చూపులు చూస్తూ, “బంగారమేనయ్యా. నేను చెప్పబోయాను” అన్నాడు.

న్యాయాధిపతి నా వైపు తిరిగాడు. “‘ఈ కంచుతో కొన్నాను’ అన్నప్పుడు నీ చేతిలో ఏముంది?”

“డేసియా మీద గెలుపు” అన్నాను.

సభంతా గొల్లుమంది. న్యాయాధిపతి కూడా నవ్వాడు. నవ్వుతూనే తీర్పు చెప్పాడు.

ఇప్పుడు అక్కడ కర్వీలియస్‌ది బండ్లవాళ్ళ సత్రం. నా తీగలు పీకి గుర్రాలకు కొట్టం వేశాడు. దారి పక్క నేలకు ధర మూడింతలైంది, నా బంగారానికి అందులో సగం కూడా రాదు. నాణేలన్నీ మంచం కింద కుండలో ఉన్నాయి. త్రాసును కొట్టినదాన్ని వేలితో తడిమి గుర్తుపడతాను, అంచు మీద గీత పడింది. చేతులు వెనక్కి కట్టించుకుని కూర్చున్న ఆ డేసియావాడి మొహం చూస్తే ఇదివరకు పొగరు పుట్టేది. ఇప్పుడు ఆ నాణేన్ని బోర్లా పెడతాను.

నాకు పోయింది పన్నెండు కాడి నేల, అందులో మూడు వందల నలభై ద్రాక్ష తీగలు.