ముద్ర వేసిన ముప్పై జాడీలు

నేను ఒక జాడీని. మనిషి నడుం దాకా వస్తాను. పుట్టింది చైనాలో, చక్రవర్తుల కాలంలో, షావోషింగ్ ఊరి బట్టీలో. సోయాగింజలు ఉప్పునీళ్లలో ఊరేసి ఏడాదిపాటు ఎండలో ఉంచితే నల్లని సాస్ దిగుతుంది. నన్ను చేసింది అందుకే. నాలాంటి వాళ్లం ముప్పైమందిమి ఛిన్ సుయే అనే ఆవిడ పెరట్లో వరసగా ఉండేవాళ్లం. రోజూ ఆమె మూత తీసి, తెడ్డుతో అడుగుదాకా కలిపి, వేలు నాలుకకు రాసుకుని మాతో ఏదో ఒకటి మాట్లాడేది. భర్తతో అంత మాట్లాడగా నేను వినలేదు.

ఆ భర్త పోతూ పోతూ మమ్మల్ని దౌ అనే షావుకారుకు తాకట్టుపెట్టి పోయాడు. గడువు దాటగానే దౌ వచ్చాడు.

"జాడీలు తీసుకుపోండి అయ్యగారూ. సాస్ మాత్రం నాది."

"జాడీ నాదైతే లోపలిదీ నాదేనమ్మా."

గొడవ కచేరీకెక్కింది. తీర్పు వచ్చేదాకా ఎవరూ ముట్టకూడదని మా మూతలకు ముద్ర కాగితాలు అంటించి ఒక బంట్రోతును కాపలా పెట్టారు.

మండువేసవి. గాలి లేదు, కలిపే చెయ్యి లేదు. ఏడోనాటికి లోపల తెల్లని బూజు పట్టింది. భయమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. నాలో ఉన్నది చెడిపోతోంది, దాన్ని మూసి పట్టుకున్నది కూడా నేనే.

ఎనిమిదోనాడు ఆమె తెడ్డుతో వచ్చి, బంట్రోతు చూస్తుండగానే కాగితం చర్రున చించింది.

"వదినా! చేతులు విరగ్గొడతారు!"

"కొట్టనీ. మీ కచేరీ తేల్చేదాకా ఈ బూజు ఆగుతుందా? అడ్డు లే. లేదా ఇదిగో తెడ్డు, నువ్వే కలుపు."

పాపం, అతను గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె ముప్పై ముద్రలూ చించింది.

సాక్ష్యానికి నన్ను కచేరీకి మోసుకెళ్లారు. "ఎవరు చించారు?" అన్నాడు న్యాయాధికారి. "నేనే" అంది. ఆయన దౌ వైపు తిరిగాడు.

"సరుకు నీదైతే, చెడిపోతోందని ఒక్కసారైనా మొరపెట్టుకోలేదేం?"

"సరుకు చెడితే చెడనీండి ప్రభూ, జాడీలకేం కాదుగా!"

"అయితే జాడీలే తీసుకో."

సాస్ ఆమెకు దక్కింది. మూడు రోజుల్లో మమ్మల్ని ఖాళీ చెయ్యాలి. ముద్ర చించినందుకు అరచేతుల మీద పది బెత్తం దెబ్బలు.

వాచిన చేతులతోనే ఆమె తోడింది. వీధివాళ్లంతా బియ్యం తొట్లు, స్నానపు తొట్లు పట్టుకొచ్చారు. డెబ్బై దాటిన ఫాంగ్ ముసలాయన తనకోసం ముందే చేయించి, ఏటేటా లక్క పూయించుకుంటున్న శవపేటికనే మోయించుకొచ్చాడు.

"పోసెయ్యమ్మా. ఇంకో రెండేళ్లదాకా నాకు దీంతో పనిలేదు."

"మీరు తొందరపడితే తాతా?"

"తొందరేం? రుచి చూడకుండా పోతానా!"

అంత దెబ్బల నొప్పిలోనూ ఆమె నవ్వింది. నేను ఖాళీ అయ్యాను.

దౌ తోటలో మాలో ఎర్రచేపలు వేశారు. మా గోడల్లో ఇంకిన ఉప్పుకు అవి మూడుసార్లు చచ్చాయి. విసిగిపోయి ఆయన మమ్మల్ని అమ్మకానికి పెట్టాడు. సాస్ అమ్మిన డబ్బుతో ఆమే వచ్చింది. ఒక్కో జాడీని మెటికతో కొట్టి చెవి ఆనించి విన్నది. నా దగ్గర ఆగిపోయింది. దౌ మనుషులు బండి మీంచి దించేటప్పుడు నాకు పడిన బీట ఆ మోతలో తెలిసిపోయింది. కాసేపు నా లోపల అరచెయ్యి పెట్టి ఉంచింది. తర్వాత ఇరవైతొమ్మిదింటిని బండికెక్కించుకుని వెళ్లిపోయింది.

నేను తోట మూల పెంకుల కుప్పలో ఉన్నాను. తాకట్టు పత్రం ప్రకారం ఇప్పటికీ దౌ గారి ఆస్తినే. అందులో ఎవరికీ తగాదా లేదు.