ఒడిబియ్యానికి తనిఖీ

మా అన్న దేవిదాస్ నాతో మాట మానేసి ఏళ్లయింది. కారణం పెద్దదేం కాదు. వాళ్ల పెద్దబిడ్డ పెళ్లిలో మటన్ ఉడకలేదని నలుగురిలో అన్నాను. ఉడకలేదు కాబట్టే అన్నాను. ఆయన నన్ను పిలవడం మానేశాడు, నేను ముంబై పక్కన భివండి నుంచి పుట్టిల్లు బాన్సువాడకు రావడం మానేశాను.

ఈ యేడు ఆయనే ఫోన్ చేశాడు. "సత్తెమ్మా, వచ్చి ఒడిబియ్యం పోసుకొని పో" అన్నాడు. నాకు మాట రాలేదు. అలా జరగడం అదే మొదటిసారని మా ఆయన ఇప్పటికీ అందరికీ చెబుతున్నాడు.

అన్న పొలంలో పండిన బియ్యానికి పసుపు కలిపి, ఎండు కొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు, ఒక రూపాయి బిళ్ల వేసి నా ఒళ్లో పోశారు. నడుముకు మూట కట్టారు. మా ఇళ్లలో ఆ మూటను మెట్టినింట్లో దేవుడి ముందే విప్పాలి. దారిలో విప్పితే పుట్టింటి దీవెన పారబోసినట్టే. ఆచారాల దగ్గర మా అన్న మహా మొండి. ఆ మొండిమనిషే చెల్లెలి ముందు గొప్పకు పోయి విమానం టికెట్ కొన్నాడు. మూటను సంచిలో పెట్టమంటే నేను వినలేదు. విమానాల్లో బ్యాగులు మారిపోతాయట. నా ఒడిబియ్యం ఎవరింట్లో ఉడకాలి? నడుముకే ఉంచుకొని పైన చీర సర్దుకున్నాను. యాభై దాటిన నాకు ఏడో నెల కడుపులా కనిపించింది.

సాగనంపడానికి అన్నతోపాటు వచ్చిన మేనకోడలు సంజన కారులో హైదరాబాద్ దాకా నాకు హక్కులు నూరిపోసింది. "అత్తా, నిన్ను ఆడాఫీసరే చూడాలె. మగోళ్లు ముట్టొద్దు. చాటుకు తీస్కపొమ్మని అడుగొచ్చు. మర్యాదగ మాట్లాడు." చివరిది తప్ప అన్నీ నాకు నచ్చాయి.

విమానాశ్రయంలో గుమ్మంలాంటి యంత్రం దాటగానే అది కూసింది. ఆడాఫీసరు నన్ను పరదా వెనక్కి తీసుకుపోయి, చేతిలోని యంత్రం నడుముకు ఆనిస్తే అదీ కూసింది. ఆమె నోరు తెరవకముందే "చాటుకు పద, అది నా హక్కు" అన్నాను.

"మనం చాటునే ఉన్నాం" అన్నది ఆమె.

ఆమె యాస పట్టుకొని మరాఠీలోకి దిగాను. నాందేడ్ వైపు పిల్లట. మూట తడిమి, "ఓటీనా, మావశీ?" అని నవ్వింది. మరాఠీలో ఓటీ అంటే ఒడే, మావశీ అంటే పిన్ని. వాళ్లకూ ఈ ఆచారం ఉంది. హమ్మయ్య అనుకున్నాను.

"కానీ విప్పి చూడాలి. బియ్యం తీసుకుపోవచ్చు, కుడుకలు కుదరవు. వాటిలోని నూనెకు నిప్పంటుకుంటుందని విమానంలోకి రానివ్వరు. మీ పుట్టింటివాళ్లకు తిరిగి ఇచ్చేయండి."

తిరిగి ఇవ్వాలట! పుట్టింటి ఒడిని పుట్టింటి ముఖానే కొట్టాలట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీ అన్న నీకు పోస్తే తిరిగిస్తావా?" అని అరిచాను.

ఆమె కోప్పడలేదు. "ఉద్యోగంలో చేరాక పోయించుకోవడానికి సెలవే దొరకలేదు" అన్నది.

అరవడం ఆపాను. ముడి మీంచి చేయి మాత్రం తీయలేదు. మీవాళ్లనే అడగండి అంటూ ఆమే వెళ్లి ట్రేలోంచి నా ఫోన్ తెచ్చి ఇచ్చింది. బయట నిలబడ్డ అన్నకు చేశాను.

"అన్నా, ఈడ పోలీసు పిల్ల మూట విప్పుమంటున్నది. ఒడి పోయించుకోనీకి ఆమెకే సెలవు దొరుకలేదంట. కుడుకలు పోనియ్యరంట. ఏం జేయాలె?" చెబుతుంటేనే ఏడుపొచ్చింది. ఇన్నాళ్లకు కలిసిన మనిషి మళ్లీ దూరమవుతాడని నా భయం.



"విప్పు" అన్నాడు. "కుడుకలు గా పిల్ల ఒడిల పెట్టు. పోలీసైనా ఆడిబిడ్డనే గదా."

ఆమెకు కొంగు ఎక్కడిది? "డ్యూటీలో ఏమీ తీసుకోకూడదు మావశీ" అంటూనే నెత్తి మీది టోపీ తీసి పట్టింది. కుడుకలు అందులో పెట్టాను. ఇద్దరం కళ్లు తుడుచుకున్నాం.

"మరి నా ఒడి అన్నా?"

"దారి నడుమ విప్పినంక ఇగ గది చెల్లదు. వచ్చే నెల మల్ల రావాలె. మల్ల పోస్త."

ఆ గొంతులో బాధ ఉందేమోనని ఫోన్ చెవికి నొక్కిపెట్టి విన్నాను. ఎక్కడా లేదు. మనిషి సంబరపడుతున్నాడు.