గంట కొట్టేలోగా

సభలో మాట్లాడటం గొప్ప విద్య అని జనం అనుకుంటారు. మాట్లాడటానికేం, నోరూ ఊపిరీ ఉంటే చాలు. ఒక ప్రశ్నకు వంతు రాకుండా చూడటం ఉంది చూశారూ, అదీ విద్యంటే. అధికారపక్షం విప్‌గా ఆ విద్యలో నాకు మంచి పేరుండేది. ప్రధాని మా వదిన కాబట్టి ఆ పదవి దక్కిందని గిట్టనివాళ్లు అనేవారు. గిట్టేవాళ్లూ అనేవారు.

మా పద్ధతి ఇదీ. వారానికొకసారి, గంటసేపు, సభ్యులు అడిగిన వాటికి ప్రధాని స్వయంగా లేచి జవాబు చెప్పాలి. ఎవరి ప్రశ్న ముందో ఎవరిది వెనకో చీటీలు తీసి వరస వేస్తారు. గంట కొట్టేసరికి వంతు రాని ప్రశ్నలకు జవాబులు తర్వాత ఎప్పుడో అచ్చై వస్తాయి. వాటిని అచ్చువేసినవాళ్లు తప్ప ఇంకెవరూ చదవరు. అందుకని చిక్కు ప్రశ్న వరసలో అడుగున పడిందంటే, పైవాటిని సాగదీసి గంట కొట్టించడమే మా పని. అందులో మా వదినది అందెవేసిన చెయ్యి. గోడౌను తాళం గురించి అడిగితే తాళాలు పుట్టిన దగ్గర్నుంచీ మొదలుపెట్టి, సభనంతా నవ్వించి, అసలు తాళం ఊసెత్తకుండా కూర్చోగలదు.

ఆ వారం అడుగున పడింది రేవు ప్రశ్న. నదిలో లాంచీలు ఆగే రేవు దగ్గర చెక్కవంతెన ఒక ఉదయం విరిగిపడి ఐదుగురు పోయారు. జనాన్ని ఎక్కువమందిని ఎక్కనిచ్చాడని రేవు కాపలాదారును పట్టుకెళ్లి లోపల వేశారు. కోర్టులో తీర్పు మర్నాడే. జైలు ఖాయమని అందరూ అనుకుంటున్నారు. ప్రశ్న వేసింది ఆ వైపు నుంచి కొత్తగా గెలిచిన ప్రతిపక్ష సభ్యురాలు. పూర్వం బడిలో లెక్కలు చెప్పేది కాబట్టి రెండు పక్షాలకూ ఆవిడ టీచరమ్మే. ఆవిడ ప్రశ్న ఒక్క ముక్క: రేవు మరమ్మతు ఆపించింది ఎవరు?

ఎవరో మంత్రివర్గంలో అందరికీ తెలుసు. పెద్దరోడ్డు ముందు, రేవు సంగతి తర్వాత అని ఒక సమావేశంలో నోటిమాటగా అన్నది మా వదినే. వంతెన కూలాక ఆ సంగతి తానే బయటపెడతానంది. మంత్రులు అడ్డం పడ్డారు. సభలో మా బలం అంతంతమాత్రం, ఈ మాట బయటికి వస్తే ప్రభుత్వం ఉండదు, కాబట్టి దీని మీద ఎవరూ ప్రకటన చేయకూడదని తీర్మానించి ఆమె నోరు కట్టేశారు. ఆ తీర్మానానికి ముందు చెయ్యెత్తింది నేనే.

ప్రశ్నల రోజు ఉదయం సభ వెనకనున్న ఆమె గదికి వెళ్లి నా ఏర్పాట్లు చెప్పాను. మనవాళ్లలో వాగుడుకాయలను ఏరి తలా ఒక ప్రశ్న ఇచ్చాను, ఉరుము మామూలుగా అరుస్తాడు, మీరు మామూలుగా సాగదీయండి, పని అయిపోతుందన్నాను. ఉరుము అంటే ప్రతిపక్ష నాయకుడు. ఆయన గొంతుకు మైకెందుకు పెడతారో నాకిప్పటికీ అర్థం కాదు. వదిన కుర్చీలో కూర్చుని చీరకొంగుకు అంటిన ఇంకు మరకను తడిగుడ్డతో తుడుచుకుంటోంది.

"టీచరమ్మది ఎన్నోది?" అంది.

ఆఖరిది, బెంగ పెట్టుకోవద్దన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు. మౌనం అర్ధాంగీకారం అన్నారు కదా, నేను దాన్ని పూర్తి అంగీకారం కింద జమకట్టుకుని హుషారుగా బయటికొచ్చాను.

మొదట ఉరుము లేచాడు. ధాన్యం గోడౌన్లు ఎందుకు పూర్తికాలేదని, ఈ ప్రభుత్వానికి సిగ్గుందా అని, కొండంత రాగం తీసి కూర్చున్నాడు. వదిన లేచింది. "ఆలస్యమైంది, అధ్యక్షా. తప్పు మాదే. వచ్చే నెలలో పూర్తవుతాయి" అని కూర్చుంది.

ఉరుము నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. పోట్లాటకు వచ్చినవాడికి అవతలివాళ్లు కుర్చీ వేసి కూర్చోబెడితే ఎలా ఉంటుంది? నేనేమో ఆమెకు గొంతు బాగాలేదేమోనని వేడినీళ్లు పంపించాను. తర్వాతది మావాడి ప్రశ్న. వాడు ప్రభుత్వాన్ని ఆకాశానికెత్తుతూ రెండో కాగితం తిప్పబోతుంటే ఆమె లేచి, గౌరవ సభ్యుడి ప్రశ్నలోనే జవాబుంది, వారికి కృతజ్ఞతలు అంది. సభ ఘొల్లుమంది. అలా ఒక్కో ప్రశ్నా ఒక్కో వాక్యంతో తెగిపోతోంది. నెమ్మదిగా అని రాసి చీటీ పంపాను. చదవకుండానే దాన్ని నీళ్లగ్లాసు కింద పెట్టింది.

ప్రధానికి ఈరోజు మాటలు కరువయ్యాయా అని ఎవరో ఎత్తిపొడిచారు.

"మాటలున్నాయి అధ్యక్షా. టైమే లేదు" అంది.

అప్పుడు వెలిగింది నాకు. ఆమె గడియారంతో పందెం వేసుకుంది. నేను ఏళ్ల తరబడి నేర్చిన విద్యను తిరగేసి నా మీదే ప్రయోగిస్తోంది. నా కడుపు మండిపోయింది. ఇల్లు తగలబెట్టుకుంటానంటే చూస్తూ ఊరుకుంటే నేను విప్‌ని ఎలా అవుతాను? వెనక బెంచీలో కొబ్బరిబొండాంలా ఉండే మావాడొకడికి సైగ చేశాను. అతను పాయింట్ ఆఫ్ ఆర్డర్ అంటూ లేచి లైబ్రరీలో ఫ్యాన్లు తిరగడం లేదని మొదలుపెట్టాడు. అతను మొదలుపెడితే కరెంటు పోయినా ఆగడు. నిమిషాలు కరిగిపోతున్నాయి. టీచరమ్మ ఆశ వదులుకుని కాగితాలు సంచిలో సర్దేసుకుంది.

వదిన వెనక్కి తిరిగింది. ఫ్యాన్ల మనిషిని చూడలేదు. నన్ను చూసింది. కళ్లెర్రజేసి ఉంటే నేనూ మొండికేసేవాణ్ణే. కానీ ప్రభుత్వాన్ని ఏలే మనిషి, ఒక్క మాటతో నన్ను విప్ పదవిలోంచి పీకేయగల మనిషి, నన్ను బతిమాలుతున్నట్టు చూసింది. నాకు సిగ్గేసింది. కూర్చోమని అతనికి చెయ్యూపాను.

స్పీకర్ ఆఖరి ప్రశ్న పిలిచారు. టీచరమ్మ కంగారుగా లేచి సంచిలో కళ్లజోడు కోసం తడుముకుంటోంది. సభ్యురాలు అడగదలచుకోలేదా అని స్పీకర్ గడియారం వంక చూశారు. ఇక ముగించేయమని మావాళ్లు బల్లలు చరిచారు. వదిన అప్పటికే లేచి నిలబడి ఉంది.

"గౌరవ సభ్యురాలి కళ్లజోడు దొరికేదాకా ఆగుదాం అధ్యక్షా. నాకేం తొందర లేదు."

గంట నుంచీ తొందరపడింది ఆమె ఒక్కతే. కళ్లజోడు దొరికింది. టీచరమ్మ ప్రశ్న చదివింది.

"నేనే ఆపించాను" అంది వదిన. "చెక్కలు పుచ్చిపోయాయని కాపలాదారు చెప్పాడు. మళ్లీ చెప్పాడు. రోడ్డు పని అయ్యాక చూద్దామన్నాను. ఆ ఉదయం జనం ఎక్కువగా ఎక్కారంటే, ఎక్కడానికి ఇంకో దారి లేకే ఎక్కారు. ఆయన తప్పు లేదు. ఈ మాట సభ రికార్డులోకి ఎక్కాలి. రేపు తీర్పుకు ముందు కోర్టులో ప్రభుత్వ లాయరు ఇదే చదువుతారు."

ప్రకటన చేయకూడదని తీర్మానించాం గానీ, అడిగితే అబద్ధం చెప్పాలని తీర్మానించలేదు కదా. మా మంత్రులు తేలు కుట్టిన దొంగల్లా కాగితాల్లో తలలు దూర్చారు. ప్రతిపక్షం రాజీనామా రాజీనామా అని లేచింది. వాళ్ల పని వాళ్లు చేయాలి. కేకల మధ్య ఆమె అలాగే నిలబడి, అవిశ్వాసం పెట్టండి, సభ ఏమంటే అదే అంది. ఆమెను చూస్తే నాకు కోపం రాలేదు, భయమూ వేయలేదు. ఈవిడ మా ఇంటి మనిషి అని పక్కవాడికి చెప్పాలనిపించింది, వాడికి తెలిసినా సరే.

ప్రశ్న వేసినవాళ్లకు ఇంకో అనుబంధ ప్రశ్న వేసే హక్కుంది. టీచరమ్మ ఇంకా కూర్చోలేదు. ఉరుము తన వాళ్లను చెయ్యెత్తి ఆపాడు. ఇక ఆఖరి దెబ్బే మిగిలిందని సభంతా ఆవిడ వైపు తిరిగింది.

"అనుబంధ ప్రశ్న లేదు అధ్యక్షా" అంది టీచరమ్మ. "కాపలాదారు భార్య పైన గ్యాలరీలో ఉంది. ఈ గోలలో ఆమెకు సగమే వినపడి ఉంటుంది. ప్రధాని ఆ జవాబు ఇంకోసారి చెప్పాలని కోరుతున్నాను."

సభలో ఎవరు మాట్లాడినా స్పీకర్ వైపే చూసి మాట్లాడాలి. అది తప్పినవాళ్లను ఆయన అక్కడికక్కడే మందలిస్తారు. వదిన మాత్రం తలెత్తి గ్యాలరీ వైపు చూసింది.

"రేవు మరమ్మతు ఆపింది నేనమ్మా. మీ ఆయన ముందే చెప్పాడు. నేనే వినలేదు."

అంతలో గంట కొట్టింది. స్పీకర్ మందలించలేదు, సభ ముగిసిందని కూడా అనలేదు. గ్యాలరీలో చూడటానికి వచ్చినవాళ్లు లేచి నిలబడకూడదు. పై వరసలో ఒకావిడ లేచి, ముందున్న కటకటాలు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. తలుపు దగ్గర మార్షల్ ఆమెను కూర్చోమనలేదు.