కింది మెట్టు మీద చైనా యుద్ధం

అమెరికాలో, అల్ఫారెట్టా తెలుగువాళ్ళ దసరా బొమ్మల కొలువు పోటీ అంటే మాటలు కాదు. రెండేళ్ళుగా ఫస్ట్ ప్రైజు ఆ పక్కవీధి వర్ష ఎగరేసుకుపోతోంది. ఈసారి ఎలాగైనా కొట్టి తీరాలని విద్య పంతం పట్టి ఏడు మెట్ల కొలువు పెట్టింది. ఇంట్లో ఉన్న చెత్తంతా, ఉతకని బట్టలతో సహా, మేడమీది గదిలోకి తోసి తలుపేసింది. అంతా బాగానే ఉంది, కింది మెట్టు తప్ప!

అక్కడ ఎనిమిదో తరగతి చదివే కూతురు అదితి తన హిస్టరీ ప్రాజెక్టు పెట్టేసింది. చైనా, జపాన్ యుద్ధం. బ్యాండుమేళం బొమ్మలు జపాన్ సైన్యమట, పెళ్ళివారి బొమ్మలు చైనా సైన్యమట! విద్య చూసుకోకుండా పొద్దున్నే హారతి ఇచ్చేసింది. హారతిచ్చాక తొమ్మిది రోజులూ బొమ్మ కదపకూడదు కదా! పాపం, ఆవిడకి ఏడుపొక్కటే తక్కువ.

నాలుగింటికి జడ్జి కనకదుర్గ గారు భర్త పాపయ్య గారిని వెంటబెట్టుకుని దిగారు. పై మెట్టు నుంచి మార్కులు వేసుకుంటూ వచ్చి, కింది మెట్టు దగ్గర ఆగారు.

"ఇదేమిటే అమ్మాయీ?"

"వార్ ఆంటీ. నైన్టీన్ థర్టీ సెవెన్. జపాన్ ఆర్మీ నైట్ ప్రాక్టీస్ చేసింది. ఒక సోల్జర్ మిస్ అయ్యాడు. ఊర్లో వెతుకుతాం, గేట్ తియ్యండి అన్నారు. చైనా వాళ్ళు నో అన్నారు. ఎయిట్ ఇయర్స్ ఫైటింగ్!"

"అయ్యో రాత! ఆ పిల్లాడు దొరికాడా?"

"కొంచెంసేపట్లో వచ్చేశాడు ఆంటీ. బట్ ఎవరూ ఆగలేదు."

"బుద్ధిలేని మనుషులు," అంటూ కనకదుర్గ గారు పక్కకి తిరిగారు. పాపయ్య గారు లేరు. "ఈయనేరీ? అసలే షుగర్ మనిషి, ఎక్కడ పడిపోయారో ఏమో! పైకెళ్ళి చూస్తానుండు."

ఆ గది కంటబడితే ఇంకేమన్నా ఉందా, పరువు గంగలో కలిసిపోదూ! విద్య ఒక్క గెంతులో మేడమెట్లకి అడ్డంగా నిలబడింది.

"పైన లేరండీ!"

"నీకెలా తెలుసు? తప్పుకో. లేదంటే మార్కులు కోసేస్తా!"

"మమ్మీ, వెళ్ళనియ్యి! వార్ ఇట్లానే స్టార్ట్ అయింది!" అని అదితి మొత్తుకుంది. ఎవరూ వినలేదు.

అంతలో కింది బాత్రూమ్ తలుపు తెరుచుకుంది. పాపయ్య గారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. "ప్రసాదం పెట్టేశారా?"

"వచ్చేశారుగా!" అంది విద్య.

"వస్తే వచ్చారు. పైన ఏం దాచావో చూడందే కదలను," అని కనకదుర్గ గారు కుచ్చిళ్ళెత్తి మొదటి మెట్టు మీద కాలేశారు.

విద్య రెండు చేతులూ చాపి రెయిలింగ్ పట్టుకుంది. "ఆ ప్రైజు వర్షకే ఇచ్చుకోండి. ఇంకొక్క మెట్టెక్కారంటే మర్యాదగా ఉండదు!"