పెట్టెను తిప్పి చూసిన ఆదివారం

"ఎక్స్‌రేలు తీసేటోళ్లకు ఆదివారం గూడ డ్యూటీ ఉంటదా? దవాఖానల గూడ సెలవిస్తరు గద బిడ్డా" అంది సారలమ్మ శనివారం సాయంత్రం, వెల్లుల్లి పొట్టు తీస్తున్న కోడలి ముందుకు ఉల్లిగడ్డల గంప జరుపుతూ.

పద్మశ్రీ మరో వెల్లుల్లి రెబ్బ ఒలిచింది. తనది ఎక్స్‌రేలు తీసే పని కాదని ఉప్పల్‌లోని ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో చాలాసార్లు చెప్పింది. నాచారంలో మందుల కంపెనీలో షిఫ్టు సూపర్‌వైజరైన భర్త జీవన్ అయితే, అడిగినవాళ్లందరికీ "ఎక్స్‌రేల మీద పనిచేస్తది" అని చెప్పి ఊరుకునేవాడు. ఒకసారి పక్కింటి మంగతాయారు మోకాలి ఫిల్ము పట్టుకొచ్చి "ఎముక అరిగిందేమో చూడమ్మా" అంటే, పద్మశ్రీ దాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చూసి, డాక్టరుకు చూపించమని చెప్పి పంపింది. ఆ రోజు ఇంటిల్లిపాదీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తర్వాత గిన్నెలు తోముతుంటే మాత్రం ఎందుకో ఏడుపొచ్చింది. తాను చూడాలనుకునే ఎక్స్‌రేలు మనిషి ఒంట్లోంచి వచ్చేవి కావు. ఎక్కడో దూరపు గెలాక్సీల నడుమ, నల్లబిలాల పక్కనుంచి ఎగజిమ్మే జెట్లలోంచి వచ్చేవి. ఆ కిరణాలు ఏ దిక్కుగా కంపిస్తున్నాయో కొలిస్తే జెట్‌లోని అయస్కాంత క్షేత్రం చిక్కుపడి ఉందో, ఒక తీరుగా ఉందో తెలుస్తుంది. దాన్నే పోలరైజేషన్ అంటారు. గెలాక్సీల ఎక్స్‌రేలలో దాన్ని అప్పటికి ఎవరూ కొలవలేకపోయారు. ఉపగ్రహంలో పైకి వెళ్లి దాన్ని కొలవగల పెట్టె ఒకటి తార్నాక దగ్గరి ల్యాబులో, ఆమె చేతుల మీద తయారవుతోంది. పెట్టె మధ్యలో తేలికపాటి లోహపు బిళ్ల ఉంటుంది. దానికి తగిలి చెదిరిన ఎక్స్‌రేలను చుట్టూ నాలుగు వైపుల గొట్టాలు లెక్కపెడతాయి. కంపనం ఒకే దిక్కుగా ఉంటే ఎదురెదురుగా ఉన్న రెండు వైపుల లెక్క పెరుగుతుంది. ఏ దిక్కూ లేకపోతే నాలుగూ సమానంగా రావాలి.

రావడం లేదు. అదీ ఆమె దిగులు. ఏ దిక్కూ లేని కిరణాలు పంపినా ఒక పక్క ఎక్కువే చూపిస్తోంది. గెలాక్సీ నుంచి వచ్చేదే కొద్దిపాటి తేడా. పెట్టె చెప్పే అబద్ధం కూడా అంతే ఉంటే నిజమేదో ఎలా తెలుస్తుంది? శుక్రవారం పరిశోధన గైడ్ గోపాలరావుగారి దగ్గరికి వెళ్లి, పెట్టెను దాని ఇరుసు మీద తిప్పుతూ మళ్లీ కొలుద్దామని అడిగింది.

"మంగళవారం ప్రాజెక్టును సమీక్షించే కమిటీ వస్తోందమ్మా. ఇప్పుడు లోపాలు తవ్వుకుంటే ప్రాజెక్టే ఉండదు" అన్నారాయన. "త్రిమూర్తులు మాట్లాడతాడు, ఇంగ్లీషు బాగుంటుంది. నువ్వు స్లైడ్లు చేసిచ్చి, వాళ్ల కాఫీ టిఫిన్లు చూసుకో. ఇలాంటివి ఆడవాళ్లే చక్కగా చేస్తారు."

త్రిమూర్తులు ఆమె కంటే రెండేళ్లు జూనియర్. ఆ పెట్టెను ఒక్కసారైనా విప్పి చూసినవాడు కాదు.

తిప్పి చూడాలంటే ఆదివారం ఒక్కటే మిగిలింది. ఆ ఆదివారమే ఆడబిడ్డ రాణిని చూసుకోవడానికి మేడిపల్లి వాళ్లొస్తున్నారు. పద్మశ్రీ తెల్లారకముందే లేచి బగారన్నం, కూరలు అన్నీ వండి, చున్నీ వేసుకొని బయల్దేరింది.

"వాళ్ల ముంగట వడ్డించేదెవరు?" అన్నాడు జీవన్ గుమ్మానికి అడ్డంగా నిలబడి. "ఇయ్యాలనే దొరికిందా నీకు?"

"వంట అయింది. వడ్డించుడు మీకు రాదా?"

అలాంటి మాట తన నోట్లోంచి వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది. అంతలో లోపలి గదిలోంచి రాణి వచ్చింది. "నువ్వు పో వదినా. నన్ను చూసేతందుకు వచ్చేటోళ్లకు నేనే వడ్డిస్త" అంది. జీవన్ పక్కకు జరిగాడు.

మెట్రో పిల్లర్ల కోసం తవ్విన రోడ్డు మీద బస్సు హబ్సిగూడ దాకా పాకుతూ వెళ్లింది. ల్యాబులో వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు. ఆమె పెట్టెను కొంచెం తిప్పి కొలిచింది. మళ్లీ తిప్పి, మళ్లీ కొలిచింది. పొద్దు వాలేసరికి సంగతి తేలిపోయింది. పెట్టె ఎటు తిరిగితే ఆ తేడా కూడా అటే తిరుగుతోంది. తప్పు కిరణాలది కాదు, పెట్టెది. అంటే ఆకాశంలో గెలాక్సీ వైపు గురిపెట్టి దీన్ని తిప్పుతూనే ఉంటే, పెట్టె అబద్ధం దానితో పాటు తిరిగి సమమైపోతుంది, గెలాక్సీ నిజం కదలకుండా నిలుస్తుంది. పద్మశ్రీ ఒక్కతే ఆ గదిలో చప్పట్లు కొట్టుకుంది.

ఇంటికొస్తే జీవన్ ముఖం తిప్పుకున్నాడు. రాణి మాత్రం చెవిలో చెప్పింది. "పెండ్లైనంక నా ఉద్యోగం మాన్పిస్తరా అని వాళ్లను అడిగిన వదినా. మాన్పియ్యం అన్నరు. అమ్మ నా దిక్కే చూసుకుంట కూసుంది."

మంగళవారం కమిటీ ముందు త్రిమూర్తులు ధారాళంగా మాట్లాడాడు. పద్మశ్రీ కాఫీ ట్రేతో గోడ పక్కన నిలబడింది. కమిటీలో పెద్దావిడ కమలకుమారి కళ్లద్దాలు సవరించుకొని ఒకే ప్రశ్న వేసింది. "ఏ దిక్కూ లేని కిరణాలు పంపితే మీ పెట్టె ఏం చూపిస్తుంది?"

త్రిమూర్తులు గోపాలరావుగారి వంక చూశాడు. ఆయన బల్ల వంక చూశారు.

పద్మశ్రీ ట్రే కింద పెట్టింది. "నేను చెప్తా మేడం. అది కొలిచింది నేనే." బోర్డు మీద నాలుగు గొట్టాలు గీసింది. లోపం చెప్పింది, తిప్పితే అది ఎలా పోతుందో చెప్పింది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ అడ్డు రాలేదు.

"లోపం మీరే బయటపెట్టారు కనుక మిగతా అంకెలు నమ్మొచ్చు" అంది కమలకుమారి. ప్రాజెక్టు కొనసాగింది. తిప్పే పరీక్షలన్నీ పద్మశ్రీ పేరు మీదే జరగాలని కమిటీ చెప్పి మరీ వెళ్లింది.

"నాకు ముందే గట్టిగా చెప్పాల్సిందమ్మా" అన్నారు గోపాలరావుగారు వరండాలో.

ఆయన ముందు ఎప్పుడూ పుస్తకాల భాషే మాట్లాడే పద్మశ్రీ ఆ పూట తన ఇంటి మాటలోనే అంది. "చెప్పిన సార్. శుక్రారం చెప్పిన. మీరు టిఫిన్లు చూసుకో అన్నరు." ఆయన తల పంకించి, "నిజమే" అన్నారు.

శనివారం సాయంత్రం బట్టలు మడతపెడుతూ ఆమె జీవన్‌తో చెప్పింది. "ఇగ ఆదివారాలు నేను ల్యాబుకు పోత."

"ఎన్ని రోజులు?"

"రోజులు గాదు, ఏండ్లు. పెట్టె పైకి పోవాలె, గెలాక్సీని చూడాలె. గప్పటిదాంక నేనుంట."

అతను టీవీ సౌండు తగ్గించాడు. తన షర్టు తానే మడతపెట్టుకున్నాడు.

పొద్దున ఆమె జడ వేసుకుంటుంటే వంటింట్లోంచి గిన్నెల చప్పుడయింది. "పద్మా, బియ్యంల నీళ్లెన్ని పొయ్యాలె?" అని జీవన్ కేకేశాడు.

ఆమె లేవబోయింది. అంతలో సారలమ్మ గొంతు వినిపించింది.

"గిలాసకు రెండు గిలాసలు పొయ్యిరా. దాన్ని పిలువకు, బస్సు పోతది."