రెండోసారి కొట్టిన బంతి

నేను ఒక గోల్ఫ్ బంతిని. రబ్బరు గుండె, తెల్లటి చర్మం, ఒళ్ళంతా చిన్న చిన్న సొట్టలు. నాతోపాటు ఫ్యాక్టరీలో పుట్టినవాళ్ళు ఏ ఊళ్ళో దెబ్బలు తింటున్నారో తెలియదు. నన్ను మాత్రం విశాఖపట్నంలో ఫిజియోథెరపిస్టు రత్నమాల కొనుక్కుంది. మణికట్టు విరిగాక ఇక ఆడలేవని డాక్టరు చెప్పినా వినకుండా, పళ్ళు బిగించి మళ్ళీ ఆటలోకి వచ్చిన మనిషి.

క్లబ్బు ఫైనల్లో చివరి హోల్‌కు, అంటే జెండా పాతిన ఆఖరి గుంతకు, వచ్చేసరికి ఆమే, ప్రత్యర్థి ఇందుమతి గారూ సమానంగా ఉన్నారు. రత్నమాల కొట్టిన బంతి సముద్రపు గాలికి పక్కకు పోయి తుప్పల్లో పడింది.

ఇలాంటప్పుడు మళ్ళీ వెనక్కి నడవకుండా, మొదట కొట్టిన చోటి నుంచే ఇంకో బంతి కొట్టి ఉంచుకోవచ్చు. కానీ కొట్టేముందు ‘ఇది ప్రొవిజనల్’, అంటే తాత్కాలికం, అని చెప్పాలి. చెబితే, మొదటిది దొరకగానే రెండోది జేబులోకి పోతుంది. చెప్పకపోతే, మొదటిది దొరికినా చచ్చినట్టే. ఒక దెబ్బ శిక్షతో రెండోదే ఆట. మా చావుబతుకుల్ని మనుషులు ఒక్క మాటకు కట్టేశారు. ఆ మాటే సమయానికి నోటికి రాదు.

రత్నమాల సంచిలోంచి నన్ను తీసింది.

“ఇంకోటి కొట్టేస్తానండీ,” అంటూనే కొట్టేసింది.

నేను పచ్చిక మధ్యలో చక్కగా పడ్డాను. వెతకడానికి మూడు నిమిషాలే గడువు. అందరూ తుప్పలు కదిలిస్తుంటే, మొదటిది దొరక్కూడదని నేను మొక్కుకుంటున్నాను.

“దొరికిందమ్మా! ఎంత మంచి చోట ఉందో చూడండి!” సంచి మోసే క్యాడీ సింహాద్రి కేక పెట్టాడు.

రత్నమాల మొహం వెలిగింది. పరుగులాంటి నడకతో వెళ్తూ వెళ్తూ చటుక్కున ఆగిపోయింది.

“ఏమైంది రత్నా?” అంది ఇందుమతి.

“నేను ప్రొవిజనల్ అన్నానాండీ?”

“గాలి హోరులో నాకేం వినబడలేదమ్మా. ఏమన్నావో నువ్వే చెప్పాలి.”

“అనే ఉంటారమ్మా,” అన్నాడు సింహాద్రి మెల్లగా.

రత్నమాల మణికట్టు నొక్కుకుంటూ నిలబడింది. ఊఁ అంటే చాలు, ఎవరూ కాదనరు.

“లేదు సింహాద్రీ. ఇంకోటి అన్నానంతే. దాన్ని తీసెయ్.”

తిరిగి నా దగ్గరికి వచ్చింది. కర్ర ఎత్తి ఒక్క దెబ్బ కొట్టింది. నేను జెండా పక్కన వాలాను. ఇక గెలుపు ఇందుమతిదే అనుకున్నారంతా. ఆవిడ మాత్రం దగ్గర్లోని హోల్‌లోకి బంతిని దొర్లించలేక రెండుసార్లు తప్పింది. మళ్ళీ సమానం. తేల్చుకోవడానికి ఇంకో హోల్.

అక్కడ నేను గాలికి కొట్టుకుపోయి సరుగుడు తోటలో పడ్డాను. ఎండుటాకుల్లోకి కూరుకుపోయాను. ఈసారి ఆ మాట చెప్పి మరీ కొట్టిన బంతి ఒకటి పచ్చిక మీద ఆమె కోసం చూస్తోంది.

ఆమె వేళ్ళు నా పక్క ఆకుల్ని కెలికాయి. ఇంకొంచెం ఇటు, తల్లీ, ఇంకొంచెం ఇటు! చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది.

“ఇక చాలండీ, టైమైపోయింది,” అంది రత్నమాల.

అడుగులు దూరమయ్యాయి. ఇప్పుడు ఎవరి కంట పడినా ఆ ఆటలో నాకు చోటు లేదు. అయినా చెవులు రిక్కించుకుని ఉన్నాను. కాసేపటికి దూరంగా చప్పట్లు మోగాయి. పేరేదో కూడా అరిచారు. సరుగుడు చెట్ల హోరులో అది ఎవరి పేరో వినబడలేదు.